మూడు కాపలాలు, ఒక నెమలి అంచు

పందొమ్మిదేళ్ళ వయసులో నాకు తెలియని విషయం ఉండేది కాదు. ఇప్పుడు తలుచుకుంటే ఆ ధైర్యం ఎక్కడి నుంచి వచ్చిందో అర్థం కాదు గానీ, అప్పట్లో మా ధర్మవరం వీధిలో కంప్యూటరు చదువు చదివే ఆడపిల్లను నేనొక్కదాన్నే కావడంతో, ఎవరి సెల్‌ఫోను మొరాయించినా, ఎవరింటి టీవీలో గీతలొచ్చినా నా దగ్గరికే తెచ్చేవాళ్ళు. నేను కూడా కాదనకుండా, కనుబొమలు ముడిచి, రెండు మూడు బటన్లు నొక్కి, "ఇది సాఫ్ట్‌వేర్ ప్రాబ్లం" అని తేల్చేసేదాన్ని. (బాగుపడితే నా ఘనత, బాగుపడకపోతే సాఫ్ట్‌వేర్ తప్పు. ఇంతకంటే హాయైన వృత్తి నాకు మళ్ళీ దొరకలేదు.)

మా నాయన పట్టుచీరలకు డిజైన్లు గీసేవాడు. అంచు, కొంగు ముందు గ్రాఫు కాగితం మీద గడి గడిగా నింపితే, దాన్ని బట్టి అట్టలకు బెజ్జాలు కొట్టి మగ్గం మీదికి ఎక్కిస్తారు. నలభై దాటాక నాయన పట్టుబట్టి కంప్యూటరు మీద గీయడం నేర్చుకున్నాడు. ఆ కంప్యూటరు తెచ్చిచ్చింది మా మేనమామ. హిందూపురంలో రిపేరు షాపు పెట్టుకుని, ఏ రోగానికైనా జేబులోంచి ఒక సీడీ తీసి ఇచ్చేవాడు కాబట్టి ఆయన పేరు సీడీ మామగా స్థిరపడిపోయింది. డిజైన్లు గీసే ప్రోగ్రాం మాత్రం బెంగళూరు నుంచి వచ్చిన ఒకాయన ఎక్కించి వెళ్ళాడు.

ఆ ఏడు ఒక పెద్ద షాపువాళ్ళు పెళ్ళి చీరలకు కొత్త అంచు అడిగారు. నాయన నెమళ్ళతో ఒకటి మొదలుపెట్టాడు. మొదలుపెట్టిన రోజు నుంచే ఆయనకు ఒక భయం పట్టుకుంది. మా వెనక వీధిలో ఇంకో డిజైనర్ ఉండేవాడు, లావు కళ్ళద్దాలాయన. తన అంచు ఎక్కడ ఆయన చేతికి చిక్కుతుందోనని నాయన బెంగ. "పాపా, ఇంటర్నెట్టులో నుంచి దూరి దొంగలిస్తారంట గదా. ఏదో ఒక కాపలా పెట్టు దీనికి," అన్నాడు. ఇంట్లో నా చదువుకు దొరికిన మొదటి గౌరవం అది.

నేను రోజూ హిందూపురం కాలేజీకి రైల్లో పోయి వచ్చేదాన్ని. పెనుకొండలో ఎక్కే స్నేహితురాలిని అడిగితే, మర్నాడే పెన్‌డ్రైవ్‌లో ఒక యాంటీవైరస్ తెచ్చింది. దాని మీద పులి బొమ్మ. "మా అన్న ఇదే ఏసుకున్యాడు. ఉత్తపుణ్యానికే వస్తుంది, ఏం ఆలోచన చేయొద్దు," అంది. సీడీ మామను అడిగితే, ఉత్తగా వచ్చేది ఏదీ పని చేయదని చెప్పి, గద్ద బొమ్మ ఉన్న సీడీ చేతిలో పెట్టాడు. ఇవి చాలవన్నట్టు ఇంట్లో నేనే ఇంటర్నెట్టులో వెతికి, పెద్ద తాళం బొమ్మ ఉన్నదొకటి దించుకున్నాను. దాన్ని ఎంచుకోవడానికి నా దగ్గర శాస్త్రీయమైన కారణం ఉంది. అన్నిటికంటే ఎర్రగా, అన్నిటికంటే గట్టిగా అరిచేది అదే.

మూడింటిలో ఏది మంచిదో తేల్చుకోలేక మూడూ ఎక్కించేశాను. ఒక ఇంటికి ముగ్గురు కాపలాదారులుంటే ఇంకా భద్రమే కదా అనుకున్నాను. (ఈ మాట పరీక్షలో రాసి ఉంటే కూడా నాకు మార్కులు పడేవని నా నమ్మకం.) కానీ ఎక్కిన మరుక్షణం పులికి గద్ద మీద అనుమానం వచ్చింది. గద్ద తాళాన్ని దొంగ అంది. తాళమేమో ఆ రెండింటినీ పట్టుకుని గంట కొట్టడం మొదలుపెట్టింది. పొద్దున కంప్యూటరు ఆన్ చేస్తే, నాయన స్నానం చేసి, టిఫిన్ తిని వచ్చేసరికి తెరుచుకునేది. "ఇంత ఆలస్యమేమి పాపా?" అంటే, "అన్నీ తనిఖీ చేసి లోపలికి పంపుతాంది నాయనా," అన్నాను. నాయన సంతోషించాడు.

ఆదివారం మధ్యాహ్నం తాళం ఎర్రటి పలక ఒకటి చూపించింది. ప్రమాదాలు దొరికాయి, తొలగించాలా అని అడిగింది. పేర్లన్నీ పొడుగ్గా, అర్థం కాకుండా ఉన్నాయి. అర్థం కాలేదు కాబట్టి ప్రమాదమే అయి ఉంటుంది. నాయన వెనక నిలబడి చూస్తున్నాడు. ఆయన ముందు తటపటాయిస్తే బాగుండదని, "అన్నీ తొలగించు" అన్నదాన్ని నొక్కేశాను. తాళం పచ్చబడింది. నాయన నా భుజం తట్టాడు. ఆ తరువాత కుర్చీలో కూర్చుని డిజైన్ల ప్రోగ్రాం కోసం చూస్తే అది లేదు. అది లేకపోతే నెమలి అంచు తెరుచుకోదు. మంగళవారం సాయంత్రానికి అంచు ఇవ్వాలి. బెంగళూరాయనకు ఫోన్ చేస్తే తీయలేదు.

నాయన నన్ను తిట్టి ఉంటే బాగుండేది. అన్నం ముందు కూర్చుని కలపకుండా వేళ్ళతో గడులు గీస్తుంటే చూడలేక నేను లేచిపోయాను.

నేను ఫోన్ చేస్తే సోమవారం పొద్దున మొదటి రైలుకే సీడీ మామ దిగాడు. కంప్యూటరును అటూ ఇటూ తిప్పి చూసి, "ఫార్మాట్ కొడితే సరిపోతుంది బావా," అన్నాడు. ఫార్మాట్ అంటే ఏమిటని నాయన అడిగాడు. అంతా తుడిచేసి మొదట్నుంచి మొదలుపెట్టడమని మామ వివరించాడు. "అదే గదప్పా నిన్న మా పాప చేసిండేది," అన్నాడు నాయన.

అప్పుడు మా అవ్వ వచ్చింది. రోజూ బియ్యంలో రాళ్ళు ఏరుతూ నాయన పక్కనే కూర్చుని ఆ తెర చూడటం అవ్వకు అలవాటు. "ఏమిరా, అట్ల మొగం ఏలాడేసుకోని కూర్చున్యావు?" అంది.

"నెమలి అంచు పోయిందమ్మా."

"యాడికీ పోలేదు. వాకిట్లో ఉండాది గదా," అంది అవ్వ, రాయి ఒకటి పారేస్తూ.

అందరం బయటికి పరుగెత్తాం. వాకిలి నిండా ముగ్గు. చుక్కలు, చుక్కల మధ్య వరసగా నెమళ్ళు, వాటి మధ్య తీగ. గడికి గడి, అదే అంచు. తెర మీది గడులు అవ్వకు చుక్కల ముగ్గులా కనబడ్డాయట, బాగుందని పది రోజులుగా రోజూ అదే వేస్తోంది. నాయన లేచిన వెంటనే కంప్యూటరు దగ్గరికే పోయేవాడు. నేను రైలు తప్పిపోతుందని దాన్ని తొక్కకుండా గెంతేదాన్నే గానీ ఒక్కరోజూ చూడలేదు. వీధంతా మాత్రం చూసింది.

నాయన గ్రాఫు కాగితం తెచ్చుకుని వాకిట్లోనే చతికిలబడ్డాడు. సగం గీశాడో లేదో, పాల ప్యాకెట్టుతో కళ్ళద్దాలాయన వచ్చి నిలబడ్డాడు. నాయన గబుక్కున భుజం మీది తువ్వాలు తీసి ముగ్గు మీద పరిచాడు. (తువ్వాలు కింద దాగింది ఒకటిన్నర నెమలి.)

"దాచొద్దులేప్పా, పదిదినాల నుంచి చూస్తాండా," అన్నాడాయన. "రోజూ చెప్పాలనుకుంటా, మర్చిపోతా. ముక్కు వంకర ఎక్కువైంది. నెమలి చిలక మాదిరుండాది."

నాయన తువ్వాలు ఎత్తి నెమలి ముక్కు చూశాడు. "మరి నువ్వు గీసుకోలేదా?"

"నెమళ్ళు ఏసి ఏసి మొగం మొత్తింది. ఈసారి హంసలు..." అని ఆయన నాలుక కరుచుకున్నాడు. "ఎవురికీ చెప్పొద్దప్పా."

నాయన చెప్పనని మాటిచ్చి, ముక్కు సరిచేశాడు. మంగళవారం సాయంత్రానికి అంచు షాపుకు చేరింది, వాళ్ళకు నచ్చింది. సీడీ మామ ఫార్మాట్ మాట మానేసి, మూడు కాపలాల్లో రెండింటిని తీసేసి గద్దను మాత్రం ఉంచి, తనదే గెలిచిందని హిందూపురం దాకా చెప్పుకున్నాడు. నెల తరువాత కాలేజీ పాఠంలో తెలిసింది, ఇలాంటి కాపలాలు తొలగించినవి ఎక్కడికీ పోవని, వాటిని ఒక పెట్టెలో పెట్టి ఉంచుతాయని, "వెనక్కి తీసుకురా" అని ఒక బటన్ కూడా ఉంటుందని. తాళాన్ని తీసేసినా దాని పెట్టె అక్కడే మిగిలి ఉంది. ఇంటికొచ్చి, ఎవరూ లేనప్పుడు తాళాన్ని మళ్ళీ ఎక్కించి ఆ బటన్ నొక్కాను. ప్రోగ్రాం వచ్చేసింది. బెంగళూరాయనే పంపాడని నాయనతో చెప్పాను. ఇప్పటికీ అదే నమ్ముతున్నాడు.

ఇప్పుడు నేను ఒక కాలేజీలో కంప్యూటర్ ల్యాబు చూసుకుంటున్నాను. ఇంట్లో కంప్యూటరుకు ఏ యాంటీవైరస్ పెట్టాలని పిల్లల తల్లిదండ్రులు అడుగుతుంటారు. ఏం పని చేసుకుంటారు, ఎవరెవరు వాడతారు, ముఖ్యమైనవాటికి ఇంకో కాపీ ఉందా అని నేను ప్రశ్నలు వేస్తాను. ఒకటి చాలని, ఎప్పటికప్పుడు అప్‌డేట్ చేసుకుంటే మేలని, ఖచ్చితంగా చెప్పలేనని అంటాను. వాళ్ళు మర్యాదగా తలూపుతారు గానీ, ఈమెకు పెద్దగా తెలిసినట్టు లేదన్న సంగతి ముఖాల్లో కనబడుతూనే ఉంటుంది. నా కుర్చీలో ఆ పందొమ్మిదేళ్ళ పిల్ల ఉంటే, ఒక్క ప్రశ్న వేయకుండా మూడూ చేతిలో పెట్టి పంపేది. వాళ్ళు ఎంత నిశ్చింతగా ఇంటికి వెళ్ళేవాళ్ళో.