చివరి మూడు నెలల అద్దె

పెయింటింగ్ మేస్త్రి పదకొండేళ్లుగా ఆ రెండో అంతస్తు పోర్షన్‌లో ఉంటున్నాడు. ఇన్నేళ్లలో అద్దె ఒక్కసారి కూడా ఐదో తారీఖు దాటలేదు. పని దొరకని వానాకాలంలో సైతం అప్పో సప్పో చేసి, మొదటి అంతస్తులో ఉండే ఓనరుగారి చేతిలో డబ్బు పెట్టాకే ఇంట్లోకి సరుకులు తెచ్చుకునేవాడు. అలాంటి మనిషి యాభై ఎనిమిదేళ్లు వచ్చాక ఒక నెల అద్దె ఎగ్గొట్టాడు. తరవాతి నెలా ఇవ్వలేదు.

ఎందుకో తెలియాలంటే ముందు అతని పని గురించి చెప్పాలి.

కొత్త ఇళ్లకి రంగులు వేసే మేస్త్రి కాదతను. అద్దెకున్నవాళ్లు ఖాళీ చేశాక, కొత్తవాళ్లు దిగేలోపు, ఆ నాలుగైదు రోజుల సందులో గోడలు గీకి, గుంటలకి లప్పం పెట్టి, రెండుసార్లు రంగు వేసి ఇచ్చే మేస్త్రి. ముప్పై ఏళ్లుగా అదే పని. ఉత్త గోడ చూసి అక్కడ ఎలాంటివాళ్లు బతికారో చెప్పగలడు. మంచం పక్కన తల ఆనించిన చోట జిడ్డు మరక, ఎదిగే పిల్లని నిలబెట్టి పెన్సిలుతో గీసిన గీతలు, స్విచ్చుబోర్డు చుట్టూ వేళ్ల నలుపు. మొగుడూ పెళ్లాల్లో ఎవరో విసిరిన గ్లాసు దెబ్బ కూడా ఒక్కోసారి కనిపించేది. అన్నిటి మీదా ఒకే లప్పం పెట్టేవాడు.

పని అయ్యాక ఓనర్లంతా ఇంచుమించు ఒకే మాట అనేవాళ్లు. "బిల్లు కొంచెం చూసి రాయి మేస్త్రీ." చూసి రాయడం అంటే అయినదానికి రెట్టింపు రాయడం. ఆ కాగితం చూపించి, వెళ్లిపోయినవాళ్ల అడ్వాన్సులో కోత వేసేవాళ్లు. అందులో మేస్త్రికి చిల్లిగవ్వ కూడా వచ్చేది కాదు. రాయనంటే మాత్రం తరవాతి పని ఇంకొకరికి పోతుంది. అందుకని రాసేవాడు. బ్రష్షులు కడిగి పెట్టుకోవడంలాగే అదీ పనిలో భాగమే అనుకునేవాడు.

మూడేళ్ల కిందట తానుంటున్న ఇంట్లోనే కింది పోర్షన్‌లో ఉండే, ఆస్పత్రిలో పనిచేసే నర్సమ్మ ఖాళీ చేసింది. ఒంటరి మనిషి. ఇల్లు అద్దంలా ఉంచుకునేది. గోడలకి రెండు మేకుల గుంటలు తప్ప ఇంకేమీ లేవు. ఓనరుగారు చూసి రాయమన్నారు, మేస్త్రి రాశాడు. వారం తరవాత ఆవిడ డ్యూటీ బట్టల్లోనే వచ్చి, మెట్ల దగ్గర నిలబడి ఓనరుగారు ఇచ్చిన ఆ కాగితం చదివింది. సరిగ్గా అప్పుడే మేస్త్రి రంగు డబ్బాలు పట్టుకుని కిందికి దిగుతున్నాడు.

"ఇది మీరు రాసిందేనా అన్నా?" అంది.

అతను డబ్బాలు ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకున్నాడు. ఆవిడ కాగితం ఓనరుగారికి తిరిగి ఇచ్చేసి, ఆయన ఇచ్చిన కాస్త డబ్బూ లెక్కపెట్టుకోకుండానే సంచిలో వేసుకుని వెళ్లిపోయింది.

ఈ మధ్య మేస్త్రికి మోకాళ్లు అరిగిపోయాయి. నిచ్చెన మీద అరగంట నిలబడితే, దిగేటప్పుడు ఎవరో కాళ్లు విరగ్గొడుతున్నట్టు ఉండేది. చివరికి ఆస్పత్రికి వెళ్లాడు. ఇంజక్షను చెయ్యడానికి వచ్చింది ఆ నర్సమ్మే. ప్యాంటు మోకాలి పైదాకా మడిచి కూర్చున్నవాడికి ముఖం చాటేసే దారి ఎక్కడుంది?

"మెట్లు ఎక్కకూడదని డాక్టరుగారు రాశారు, చూశారా?" అంది, సూదిలోకి మందు లాగుతూ.

"మాది రెండో అంతస్తమ్మా. ఇల్లు మారాలి."

"ఇంకా ఆ ఇంట్లోనే ఉన్నారా?"

"ఆ ఇంట్లోనే."

ఆవిడ ఇంజక్షను చేసి దూది అద్దింది. "అయితే ఒక మాట చెప్తాను అన్నా. అక్కణ్ణుంచి వెళ్లాక నేనున్న ఇంట్లో చివరి మూడు నెలలు అద్దె కట్టలేదు. అడ్వాన్సులో తీసుకోమన్నాను. అక్కడి ఓనరు అరిచాడు, కరెంటు పీకేస్తానన్నాడు. పీకలేదు. అంతకుముందు నాకు అలాంటి తెలివి లేదు. మీరు రాసిన కాగితం చదివాకే వచ్చింది."

కోపంగా అనలేదు. దూది నొక్కి పట్టుకోండి అన్నంత మామూలుగా అంది. నాలుగు మాటలు తిట్టి ఉంటే బాగుండేదనిపించింది అతనికి.

అతని భార్య మందుల కంపెనీలో మాత్రలు ప్యాకింగ్ చేస్తుంది. ఆ దగ్గర్లోనే, నేల మీద, రెండు గదుల ఇల్లు చూసి వచ్చింది. ఆ ఇంటివాళ్లు మూడు నెలల తరవాత ఖాళీ అవుతుందన్నారు. అడ్వాన్సు అడిగారు. ఇక్కడ ఓనరుగారి దగ్గర నాలుగు నెలల అద్దె అడ్వాన్సుగా ఉంది. అది చేతికొస్తేనే అక్కడ కట్టగలరు.

"ఓనరుగారికి ఉన్న మాట చెప్పెయ్యి. పదకొండేళ్లు ఉన్నాం, ఆ మాత్రం మొహమాటం ఉండదా ఆయనకి?" అంది భార్య.

"ముప్పై ఏళ్లుగా చూస్తున్నాను. అడ్వాన్సు దగ్గర ఎవరికీ మొహమాటం ఉండదు. గోడలు చూపిస్తాడు. బిల్లు రాయడానికి ఇంకో మేస్త్రిని పిలుస్తాడు. వాడు నా దగ్గర పని నేర్చుకున్నవాడే అయ్యుంటాడు."

"అయితే ఏం చేద్దామంటావు?"

"అద్దె ఇవ్వను."

"ఇవ్వకుండా ఆయన ముందునుంచి ఎలా నడుస్తావు?" అంది.

ఆ ప్రశ్న న్యాయమైనదే. మెట్లెక్కాలంటే ఓనరుగారి తలుపు ముందునుంచే వెళ్లాలి. ఆరో తారీఖున పని నుంచి వస్తూ మేస్త్రి చెప్పులు విప్పి చేతిలో పట్టుకున్నాడు. మోకాళ్ల నొప్పితో ఒక్కో మెట్టూ పిల్లిలా ఎక్కడం ఎంత కష్టమో ఆ రోజే తెలిసింది. లోపల టీవీ మోత వినిపిస్తే ప్రాణం లేచొచ్చేది. టీవీ ఆగితే అక్కడే బిగుసుకుపోయేవాడు. పొద్దున ఓనరుగారు పాలకి వెళ్లే వేళ చూసుకుని ముందే బయటపడేవాడు. దొంగతనం చేసినవాడు కూడా ఇంత బెదురుగా తిరగడేమో అనుకున్నాడు. అడ్వాన్సుగా ఇచ్చిందీ తన డబ్బే, ఇప్పుడు దాచుకుంటున్నదీ తన డబ్బే, అయినా.

మొదటి నెల ఓనరుగారు మెట్ల దగ్గర ఎదురుపడి, "ఈసారి మర్చిపోయినట్టున్నావు" అని నవ్వారు. "పని చేయించుకున్న పార్టీ డబ్బులు ఇంకా ఇవ్వలేదండీ" అన్నాడు మేస్త్రి. రెండో నెల ఆయన నవ్వలేదు. "పార్టీ ఇంకా ఇవ్వలేదా?" అని మాత్రం అడిగి, జవాబు కోసం ఆగకుండా లోపలికి వెళ్లిపోయారు. మూడో నెల ఒక ఆదివారం మధ్యాహ్నం ఆయనే పైకి వచ్చారు.

ఆయన కరెంటు ఆఫీసులో బిల్లులు వసూలు చేసి రిటైరైన మనిషి. డెబ్భై దాటాయి. పైకి వచ్చేసరికి ఆయాసం. గుమ్మంలో నిలబడి, మూలన కట్టి పెట్టిన రెండు అట్టపెట్టెల వంక చూశారు.

"ఖాళీ చేస్తున్నావా?"

"అవునండీ. నెలాఖరుకి. మోకాళ్లు ఒప్పుకోవడం లేదు."

"ముందే ఒక మాట చెప్పొచ్చుగా."

"చెబితే అడ్వాన్సు ఇచ్చేవారా సార్?"

అలవాటు ప్రకారం ఓనరుగారి కళ్లు గోడల మీదికి వెళ్లాయి. కిటికీ కింద చెమ్మ, పొయ్యి వెనక పొగ. "ఈ గోడలు చూడు మేస్త్రీ, ఎలా అయిపోయాయో" అని మొదలుపెట్టారు.

"ఆ గోడకి ఎంతవుతుందో చెప్పమంటారా, మీకు రాసిచ్చే లెక్క చెప్పమంటారా?" అన్నాడు మేస్త్రి.

అన్న తరవాత అతనికే భయమేసింది. పదకొండేళ్లలో ఆయనతో ఎప్పుడూ అలా మాట్లాడలేదు. వంటింట్లోంచి భార్య తొంగి చూసింది. ఓనరుగారు మాత్రం అరవలేదు. పక్కనున్న పెద్ద రంగు డబ్బా మీద మెల్లగా కూర్చున్నారు.

"డబ్బుల్లేవు మేస్త్రీ" అన్నారు. "నీ అడ్వాన్సే కాదు, ఎవరిదీ నా దగ్గర లేదు. ఈ పై అంతస్తు వేసినప్పుడే మొదటివాళ్లవి అయిపోయాయి. ఆ తరవాత మా ఆవిడ కళ్ల ఆపరేషను. కొత్తవాళ్లు దిగి ఇస్తే పాతవాళ్లకి ఇస్తున్నాను. మధ్యలో ఎంత తగ్గితే అంత గోడల మీద వేస్తున్నాను."

"నర్సమ్మది కూడా అంతేనా?"

"అప్పుడూ లేవు. అందుకే నీ చేత అలా రాయించాను."

మేస్త్రి గోడకి ఆనుకుని నేల మీద కూర్చున్నాడు. ఇన్నాళ్లూ ఆయన్ని అత్యాశ మనిషనుకున్నాడు. అలా అనుకున్నంతకాలం తన చేతి రాతకి కాస్త సాకు ఉండేది. ఇప్పుడు చూస్తే, ఒక చేతకాని మనిషి అడిగితే ఇంకొక చేతకాని మనిషి రాసిచ్చాడు, అంతే. మధ్యలో నష్టపోయింది ఇల్లు అద్దంలా ఉంచుకున్న మనిషి.

భార్య మంచినీళ్లు తెచ్చి ఇద్దరికీ ఇచ్చింది. ఓనరుగారు గ్లాసు ఖాళీ చేసి, "మూడు నెలలదీ సరిపోయిందనుకుందాం. మిగిలిన నెల డబ్బు కొత్తవాళ్లు దిగాక ఇస్తాను. రంగులు నేను కొంటాను, నువ్వే వేసి వెళ్లు" అన్నారు.

"కూలి?"

ఆయన ఖాళీ గ్లాసు నేల మీద పెట్టి లేచారు. మేస్త్రికి వాదించడానికి ఓపిక లేదు.

పదకొండేళ్లు ఉన్న ఇంటికి రంగు వెయ్యడానికి నాలుగు రోజులు పట్టింది. గది మధ్యలోకి సామాన్లు జరిపి, ఒక్కో గోడ గీకుతుంటే తమ మరకలే పొడి పొడిగా రాలాయి. మోకాలికి గుడ్డ కట్టుకుని, నిచ్చెన రెండో మెట్టు దాటకుండా, పైభాగం రోలరుకి పొడుగు కర్ర కట్టి వేశాడు. మూడో రోజున ఇల్లు చూసుకోవడానికి కళ్లజోళ్ల షాపులో పనిచేసే అమ్మాయి, వాళ్ల నాన్నతో వచ్చింది. ఓనరుగారు ఆయనకి కింద మోటారు చూపిస్తుంటే, ఆ అమ్మాయి పైనే ఆగి గొంతు తగ్గించింది.

"బాబాయ్, ఒకటి అడుగుతాను, ఏమీ అనుకోకండి. ఈయన అడ్వాన్సు తిరిగిస్తాడా?"

మేస్త్రి రోలరు ట్రేలో పెట్టాడు. ఇవ్వడంటే ఆ పిల్ల దిగదు. ఆ పిల్ల దిగకపోతే తన నెల డబ్బు రాదు. ఇస్తాడంటే అది ఇంకో దొంగ బిల్లు రాసినట్టే.

"ఆయన చెడ్డవాడు కాదమ్మా. డబ్బు నిలవని మనిషి" అన్నాడు. "ఎక్కువ ఇవ్వకండి. రెండు నెలలదే ఇస్తామనండి. దిగేముందు ప్రతి గోడా ఫోటో తీసుకుని, ఆయన చేత కాగితం మీద సంతకం పెట్టించుకోండి. వెళ్లేటప్పుడు ఎవరైనా రంగుల లెక్క చూపిస్తే నాకు ఫోన్ చెయ్యండి. ఎంతవుతుందో నేను చెప్తాను."

సామాన్ల మీద పెట్టిన క్యాలెండరు కాగితం చింపి నెంబరు రాసిచ్చాడు. వాళ్లు దిగారు, రెండు నెలల అడ్వాన్సే ఇచ్చారు. ఎవరు చెప్పి ఉంటారో ఓనరుగారికి తెలిసే ఉంటుంది. అయినా ఆ సంగతి ఎత్తలేదు.

కొత్తింటికి అడ్వాన్సు భార్య కంపెనీలో ముందుగా తీసుకున్న జీతంతో, ఇవ్వకుండా దాచిన ఆ మూడు నెలల అద్దెతో కట్టారు. మిగిలిన నెల డబ్బు సంగతి దాదాపు మర్చిపోయాక, ఒక సాయంత్రం ఓనరుగారు బస్సు దిగి, దారి అడుక్కుంటూ వచ్చారు. కవరు చేతిలో పెట్టి, "కొంచెం తగ్గింది మేస్త్రీ" అన్నారు.

మేస్త్రి లెక్కపెట్టలేదు. "వదిలెయ్యండి" అన్నాడు. ఇద్దరూ గుమ్మం ముందు కుర్చీల్లో కూర్చుని మోకాళ్ల గురించి, కళ్లలో వేసుకునే చుక్కల మందు గురించి కాసేపు మాట్లాడుకున్నారు. చీకటి పడకముందే ఆయన లేచారు. మేస్త్రి బస్సు దాకా వెళ్లి ఎక్కించి వచ్చాడు.

"వదిలెయ్యమని ఎవరు చెప్పమన్నారు నిన్ను? నాకు కంపెనీలో జీతం కట్ అవుతున్నది నీకు గుర్తుందా?" అంది భార్య, కవరులోని నోట్లు సర్దుతూ.

"గుర్తుంది" అన్నాడు అతను. చాప కోసం చూశాడు. "రేపు రెండు గదుల పని ఉంది. అయిదింటికి లేపు."