మూడో అంతస్తులో కుర్చీ

బాబాయిగారు పోయారన్న కబురు ఉత్తరంలో వచ్చింది. కంపెనీ పోస్టు బాక్సులోంచి తెచ్చిన కాయితాలతో పాటు అదీ నా బల్ల మీద పడింది. పిన్నిగారి చేతిరాత చూసి సంబరంగా చింపాను. అప్పటికే పెద్దకార్యం కూడా అయిపోయి వారం దాటింది. చేసేదేముంది? ఆ రోజు టైపు చేయాల్సిన ఉత్తరాలన్నీ టైపు చేశాను.

ఆయన నాకు సొంత బాబాయి కారు. మాది కాకినాడ, వారిది కోనసీమ. కువైట్‌లో, ఫహాహీల్‌లోని ఓ బిల్డింగు నాలుగో అంతస్తులో ఎదురెదురు వాటాల్లో ఉండేవాళ్ళం. నేను దిగిన రోజే పిన్నిగారు గిన్నెతో పప్పుచారు పట్టుకొచ్చారు, సాయంత్రానికల్లా వరస కుదిరిపోయింది. ఆయన మా కంపెనీలోనే డ్రాఫ్ట్స్‌మన్. ఇరవై ఏళ్ళుగా రోడ్ల ప్లాన్లు గీస్తున్నారు. షర్క్‌లోని ఆఫీసుకి ఇద్దరం ఒకే బస్సులో వెళ్ళేవాళ్ళం. ఆయన ఎప్పుడూ కిటికీ పక్కనే కూర్చునేవారు. నాకు ఒక్కసారీ ఇవ్వలేదు, అది మాత్రం చెప్పుకోవాలి.

ఆఫీసులో ఆయన పక్క బల్ల గోవా ఆయనది. గోడకి ఓ పాత క్యాలెండరు ఉండేది. నిలువునా లేచిన సందులో పసుప్పచ్చ ట్రాము ఎక్కుతున్న బొమ్మ. ఊరు లిస్బన్. బాబాయిగారికి ఆ బొమ్మ పట్టుకుంది.

"పుట్టింది సాపు నేల మీద, బతుకుతున్నదీ సాపు నేల మీదేనోయ్. ఇన్నేళ్ళలో నా గీత ఒక్కటీ పైకి లేవలేదు. సెలవుకి ఊరెళ్ళే ముందు మూడ్రోజులు మీ పిన్నిని తీసుకుని ఆ ఊరెళ్ళొస్తాను."

ఆ ఊళ్ళో ఏడు కొండలున్నాయని చెబితే పిన్నిగారు నవ్వేశారు. "ఏడు కొండలెక్కడానికి అంత దూరం ఎందుకండీ? తిరపతి వెళ్దారండి, దేవుడైనా కనిపిస్తాడు."

"తిరపతిలో ట్రాము లేదుగదే," అన్నారాయన.

ఎక్కడెక్కడికో ఉత్తరాలు రాసి ఆ ఊరి మ్యాపు తెప్పించారు. దాన్ని ట్రేసింగు కాయితం మీద పెద్దది చేసి గీశారు. చర్చీలూ కోటలూ ఆయన పెద్దగా పట్టించుకోలేదు. ఆకుపచ్చ పెన్సిలుతో గుర్తు పెట్టుకున్నవన్నీ పిన్నిగారు కూర్చోవడానికి వీలైన చోట్లే. ఆవిడకి మోకాళ్ళ నొప్పులు. మొదట ట్రాములో పైకెక్కి నడిచి దిగేలా మూడు రోజులకీ ప్లాను వేశారు. ఆవిడ చూసి, "నాకు దిగడవేనండి కష్టం. మెట్టు మెట్టుకీ ప్రాణం పోతుంది," అంది. బాబాయిగారు మొత్తం చెరిపేసి మళ్ళీ గీశారు. నడిచి ఎక్కడం, ట్రాములో దిగడం.

ఆ తర్వాత అభ్యాసం మొదలైంది. కువైట్‌లో కొండలెక్కడున్నాయి? మా బిల్డింగు మెట్లే కొండ. సాయంత్రం టీ తాగి, ఇద్దరూ కింద నుంచి నాలుగో అంతస్తు దాకా నడిచి ఎక్కేవారు. లిఫ్టులో దిగేవారు. మళ్ళీ ఎక్కేవారు. మా ఈజిప్టు వాచ్‌మన్ తలపట్టుకునేవాడు. మూడో అంతస్తు మలుపులో కిటికీ పక్కన ఓ పేము కుర్చీ వేశారు, ఆవిడ ఊపిరి పీల్చుకోవడానికి. దాని పైన గోడ మీద, ప్లాను మీద రాసినంత పొందికగా పెన్సిలుతో రాశారు: 'ఇచ్చట నుండి నది కనబడును.' ఆ కిటికీలోంచి కనిపించేవి ఎదుటి బిల్డింగు నీళ్ళ ట్యాంకులు.

"తొందర లేదు, మెట్టు ఎక్కడికీ పోదు." ఆవిడ ఆయాసపడితే ఆయన అనే మాట అదొక్కటే.

వీసాకి పాస్‌పోర్టు ముందే పంపాలి. మా పాస్‌పోర్టులన్నీ కంపెనీ ఇనప్పెట్టెలో ఉండేవి. సెలవు చీటీలు టైపు చేసేవాణ్ణి కాబట్టి నేనే వెళ్ళి అడిగాను. గవర్నమెంటు కాయితాలు చూసే మందూబ్ తలెత్తకుండానే, "విమానం రోజున ఇస్తాం. ఖలాస్," అన్నాడు. ఆ సాయంత్రం మూడో అంతస్తులో, ఆవిడ కుర్చీలో కూర్చుని ఉండగా, సంగతి చెప్పాను. బాబాయిగారు "అలాగా," అన్నారు. ఆవిడకి చెయ్యందించి, "లే, ఇంకొక్క అంతస్తే," అన్నారు. ఆ ఏడు నేరుగా ఊరెళ్ళారు.

మళ్ళీ సెలవు రెండేళ్ళకి. "ఈసారి పూచీ నాది బాబాయిగారూ," అన్నాను. నిజంగానే అన్నాను. అడుగుదామని మందూబ్ గదిలోకి వెళ్ళేసరికి, వాడి బల్ల మీద ఈ దేశంలో ఉండనిచ్చే నా ఇఖామా కాయితాలున్నాయి, రెన్యూవలుకి. ఇప్పుడు వీడికి కోపం తెప్పిస్తే నా గతేమిటని భయం వేసింది. సలాం చెప్పి, ఊరికే వచ్చానని బయటికొచ్చేశాను. బాబాయిగారితో మాత్రం "ఒప్పుకోలేదండీ," అన్నాను. ఆయన నా భుజం తట్టి, "నువ్వేం చేస్తావోయ్, పాపం," అన్నారు. ఆ మాట ఇప్పటికీ నన్ను కాలుస్తోంది.

మూడో సెలవు రాలేదు. కాంట్రాక్టు అయిపోయిందని ఇఖామా రద్దు చేసి పంపేశారు. ఎయిర్‌పోర్టులో మందూబ్ పాస్‌పోర్టు చేతిలో పెడితే, పేజీలన్నీ తిప్పి చూసుకుని, "కొత్తదానిలాగే ఉందోయ్," అన్నారు. ట్రేసింగు కాయితం చుట్ట పిన్నిగారి చేతిసంచీలోంచి పైకి కనిపిస్తోంది.

ఇప్పుడీ ఉత్తరం. పిన్నిగారు ఇలా రాశారు:

"బాబూ, మీ బాబాయిగారిని కాకినాడ ఆసుపత్రిలో మూడో అంతస్తులో పెట్టారు. లిఫ్టు రోగులకే అన్నారు. పదకొండు రోజులు, రోజుకి నాలుగు సార్లు మెట్లెక్కాను. దిగేటప్పుడు గోడ పట్టుకుని దిగేదాన్ని. పైకెళ్ళగానే 'ఎక్కడైనా కూర్చున్నావా?' అని అడిగేవారు. లేదండీ అంటే, 'అయితే ఇంక వెళ్ళొచ్చే మనం' అనేవారు. నీ పాస్‌పోర్టు జాగర్త అని నీకు చెప్పమన్నారు. ఆఖరి రోజు మాత్రం నన్నూ లిఫ్టెక్కనిచ్చారు బాబూ. ఆయనతో పాటు దిగాను."

ఉత్తరం జేబులో పెట్టుకుని ఇంటికొచ్చాను. వెళ్ళి ఆవిడకి ఓ మాట చెబుదామంటే, నా పాస్‌పోర్టూ ఆ పెట్టెలోనే ఉంది. లిఫ్టు తెరుచుకుని ఉన్నా ఎక్కబుద్ధి కాలేదు. మెట్ల మీదుగా వెళ్ళాను. మూడో అంతస్తు మలుపులో పేము కుర్చీ అలాగే ఉంది. కూర్చోబోయి, మనసొప్పక, పక్కనే నిలబడ్డాను. ఎదుటి డాబా మీద ట్యాంకు నిండి నీళ్ళు గోడ వెంట జారుతున్నాయి, ఎండలో మెరుస్తూ. కుర్చీ పైన గోడ మీద పెన్సిలు రాత ఇంకా చెరగలేదు.