మోటారు నర్సమ్మ బండికి వంకాయ రంగు

ఆమెకు చీటీలక్క అన్న పేరు ఆసుపత్రిలో పడింది. రక్తపరీక్షల గదిలో ముప్పై ఒక్క ఏళ్లు పనిచేసిన మనిషి. సీసా కనబడితే చాలు, అందులో ఏముందో, ఎప్పుడు పోశారో రాసి చీటీ అతికించేది. వీధిలోకి కొత్తగా వచ్చినవాళ్లు ఆ పేరు విని, ఆమె చీటీలు నడుపుతుందనుకుని నెలకెంత కట్టాలని వాకబు చేసేవారు. ఉద్యోగం నుంచి దిగిపోయాక ఆ అలవాటు ఇంటి మీద పడింది. వంటింటి డబ్బాలు, బీరువా అరలు, చివరికి చెప్పుల స్టాండుకు కూడా చీటీలే.

“ఇంక మిగిలింది నేనే. నా వీపు మీద కూడా ఒకటి అంటించు. తప్పిపోతే ఎవరైనా తెచ్చి అప్పగిస్తారు” అనేవాడు భర్త. ఆయన బడిలో డ్రాయింగు మాస్టారుగా చేసి, ఆమెకంటే రెండేళ్ల ముందే ఇంటిపట్టున కూర్చున్నాడు.

ఆమె మరిది పాత మోటారు సైకిళ్లకు ప్రాణం పోస్తుంటాడు. తుక్కు కింద పోవాల్సిన బండిని ఆఖరి బోల్టుదాకా ఊడదీసి, కడిగి, తుప్పు గీకి, మళ్లీ షోరూములోంచి వచ్చినట్టు నిలబెట్టడం అతని పని. రెండు సందుల అవతల అతని షెడ్డు. ఒకరోజు పొద్దున్నే ముఖం మాడ్చుకుని వచ్చి, చేతిలోని గుడ్డసంచీని వరండాలో గుమ్మరించాడు. అన్నీ బోల్టులు, నట్లు, వాషర్లు.

“చూడు వదినా. పూత వేయించమని నూట నలభై ఇస్తే నూట ఇరవై తొమ్మిది వచ్చాయి. అందులో సగం నావి కావు. ఇదిగో, ఇది గేటు గొళ్లేనిది.”

“వాళ్లసలు ఏం చేస్తారయ్యా వీటిని?”

“ఏముంది, ఏదో మందునీళ్లలో ముంచి కరెంటు పెడతారు.”

“అంతేనా?”

ఆ “అంతేనా”తో మొదలైంది. వారం తిరక్కుండా పెరట్లో బట్టలుతికే గట్టు మీద ప్లాస్టిక్ తొట్టి వెలిసింది. అందులో వెనిగర్, భేదిఉప్పు, ఓ ముక్క జింకు రేకు. కరెంటుకు మరిది దగ్గరున్న పాత బ్యాటరీ చార్జర్. తీగకు బోల్టు కట్టి ముంచింది. గంట తర్వాత తీస్తే బొగ్గులా వచ్చింది. వేలితో రుద్దితే మసి రాలిపోయింది.

మాస్టారు కళ్లజోడు సవరించుకుని చూశాడు. “ముందర తుప్పు రంగైనా ఉండేది పాపం” అన్నాడు.

ఆమె నొచ్చుకోలేదు. కరెంటు తగ్గించింది, పెంచింది, తొట్టిలో రేకును అటూ ఇటూ జరిపింది. చివరికి తప్పు కరెంటులో కాదు, తన వేళ్లలో ఉందని పట్టుకుంది. చెయ్యి తగిలితే చాలు, ఆ జిడ్డు మీద పూత నిలవదు. పరీక్ష కూడా ఆమే కనిపెట్టుకుంది. బాగా శుభ్రమైన ఇనుము మీద నీళ్లు పోస్తే పలచటి పొరలా పరుచుకుంటాయి. ఎక్కడైనా చుక్కలుగా విడిపోయాయంటే అక్కడింకా జిడ్డు ఉన్నట్టే. ఆసుపత్రి రోజుల్లో వేసుకున్నట్టే చేతులకు తొడుగులు వేసుకుంది, బోల్టులను మూడుసార్లు కడిగింది. ఈసారి తొట్టిలోంచి తీస్తే వెండి ఉంగరంలా మెరిసింది. దాన్ని అరచేతిలో పెట్టుకుని వీధంతా దాటి షెడ్డుకు వెళ్లి మరిది ముందు పెట్టింది. అతను దాన్ని తిప్పితిప్పి చూసి, లోపలికి వెళ్లి రెండు డబ్బాల బోల్టులు తెచ్చి ఆమె చేతిలో పెట్టాడు. మెచ్చుకోలు అంతే.

ఏడాది గడిచేసరికి అల్యూమినియానికి రంగు వేయడం కూడా పట్టుబడింది. అది వేరే లెక్క. పైన పూత పట్టించడం కాదు, ఆ లోహానికే పైపొరను గట్టిపరచడం. బ్యాటరీ యాసిడ్ కలిపిన నీళ్లలో ఉంచి కరెంటిస్తే కంటికి కనబడని సన్నటి రంధ్రాలు పడతాయి. వాటిలోకి అద్దకపు రంగు ఇంకాక, మరిగే నీళ్లలో వేస్తే అవి మూసుకుపోతాయి. రంగు ఇక గీకినా పోదు. యాసిడ్ తీసిన రోజున మాస్టారు పెరట్లో అడుగు పెట్టకూడదు. కిటికీ లోంచి మాట్లాడుకోవచ్చు.

అలాంటి రోజుల్లో మోటారు నర్సమ్మ బండి షెడ్డుకు వచ్చింది. ఆ నర్సమ్మ పేరు చీటీలక్క ఆసుపత్రిలో చేరిన కొత్తలోనే వింది గానీ మనిషిని చూడలేదు. ఆడవాళ్లు సైకిలెక్కితేనే వింతగా చూసే కాలంలో, మోటారు సైకిలేసుకుని ఊళ్లు తిరిగి కాన్పులు చేసిందట. ఇప్పుడు ఎనభై దగ్గర పడింది. బండి గోడౌనులో ఇరవై ఏళ్లు మూలిగి ఇప్పుడే బయటపడింది. దాన్ని ఒక్కసారి నడవగా చూడాలని ఆమె కోరికని నర్సమ్మ మనవరాలు చెప్పింది.

బండిలో పనిముట్ల పెట్టెకు అల్యూమినియం మూత ఉంది. నల్లరంగు పెచ్చులు లేచిపోయింది. మరిది దాన్ని వదిన చేతికిస్తూ, “ఈ గీతలన్నీ సాన పట్టించేస్తాను, తర్వాత నల్లరంగు కొట్టేద్దాం” అన్నాడు.

ఆమె భూతద్దం తెచ్చింది. గీతలు ఇష్టమొచ్చినట్టు లేవు. రెండేసి చొప్పున, పక్కపక్కన, ఒకే పొడవున మేకుతో గీసినట్టున్నాయి. లెక్కపెడితే పదిహేడు జతలు.

“ఎవరో పనిగట్టుకుని గీశారయ్యా. వీటిని చెరపొద్దు.”

“ఏ పిల్లకాయో గీసుంటాడు వదినా.”

“పిల్లకాయకు ఇంత ఓపికుండదు. రంగు కొడితే గీతలు పూడిపోతాయి. కరెంటుతోనే నలుపు తెప్పిస్తాను.”

పాత రంగంతా థిన్నర్‌లో తడిపిన గుడ్డతో నెమ్మదిగా తుడిచి తీసింది. మిగతాదంతా ఎప్పటిలాగే చేసింది. అద్దకపు డబ్బా మాత్రం కొత్త దుకాణానిది. తొట్టిలో ఉన్నంతసేపూ నల్లగానే కనబడింది. మరిగే నీళ్లలోంచి తీసి ఎండలో పెట్టేసరికి నలుపులోంచి ఇంకేదో రంగు తొంగిచూసింది.

మాస్టారిని బయటికి పిలిచింది. “ఇది నలుపేనంటారా?”

ఆయన పాతికేళ్లు పిల్లలకు రంగులు నేర్పిన మనిషి. అబద్ధం చెబుదామని నోరు తెరిచాడు గానీ రాలేదు. “ముదురు వంకాయ” అన్నాడు. మూతను అటూ ఇటూ తిప్పి, “లేత వంకాయైతే కాదులే” అని ఓదార్చాడు.

మరిది వచ్చి నెత్తిన చెయ్యి పెట్టుకున్నాడు. రంగు వదలగొట్టాలంటే కాస్టిక్ సోడాలో వేయాలి. అది రంగుతో పాటు పైలోహాన్ని కూడా తినేస్తుంది, గీతలు మిగలవు. “మిగలకపోతే మానె. ఆవిడ అడిగింది పాతబండిని పాతబండిలా” అన్నాడు.

చీటీలక్క ఆ మధ్యాహ్నం అన్నం సరిగా తినలేదు. ఉద్యోగంలో ఒకేఒక్కసారి ఇద్దరి రక్తం సీసాలు తారుమారు చేసింది. ఎవరూ పట్టుకోకముందే డాక్టరు దగ్గరికి తనే వెళ్లి చెప్పింది. ఈసారీ అంతే. మూతను తువ్వాల్లో చుట్టుకుని, రిక్షా మాట్లాడుకుని, నర్సమ్మ ఇంటికి బయల్దేరింది.

నర్సమ్మ కిటికీ పక్కన కుర్చీలో కూర్చుని ఉంది. బక్కపలచటి మనిషి, గొంతు మాత్రం ఖంగుమంటుంది.

“నేను మీ బండికి పూత పని చేస్తున్నదాన్నండీ. నలుపు రావాల్సింది, వంకాయ రంగు వచ్చింది. తప్పు నాదే. మళ్లీ చేయొచ్చు గానీ, దీని మీద గీతలు పోతాయి. అవేమిటో తెలీక, మిమ్మల్ని అడుగుదామని...” అని నీళ్లు నమిలింది.

నర్సమ్మ మూత అందుకుని బొటనవేలితో నెమ్మదిగా తడిమింది. ఒక జత దగ్గర ఆగింది, ఇంకో జత దగ్గరికి జరిగింది.

“ఇవి కవలలమ్మా.”

“ఏమిటండీ?”

“కవలల కాన్పయిన ప్రతిసారీ బండెక్కేముందు రెండు గీతలు గీసేదాన్ని. పదిహేడు జతలు. తల్లీపిల్లలూ అందరూ బతికారు. ఈ జత చూడు, ఒకటి కాస్త పొట్టి. వాడు రెండోవాడు, గుప్పెడంత ఉండేవాడు. ఇప్పుడు లారీ నడుపుతాడు, తలుపులోంచి వంగి రావాలి.” మూతను వెలుతురుకు పట్టుకుని కళ్లు చికిలించింది. “రంగుదేముంది. ఆరోజుల్లో షాపులో నలుపు తప్ప లేదని నలుపు కొన్నాను. ఇదే బాగుంది. గీతల జోలికి మాత్రం పోకండి.”

చీటీలక్క అక్కడే రెండు గ్లాసుల మంచినీళ్లు తాగి, మూడు గంటలు కూర్చుంది. వచ్చేసరికి చీకటి పడబోతోంది. గుమ్మంలోనే నిలబడి ఎదురుచూస్తున్న మాస్టారు ఆమె ముఖం చూసి అన్నం వడ్డించాడు.

నెల తర్వాత ఆదివారం పొద్దున బండి నర్సమ్మ వాకిట్లో నిలబడింది. మరిది కిక్కు కొట్టాడు. మొదటిదానికి దగ్గింది, రెండోదానికి మూలిగింది, మూడోదానికి వీధి వీధంతా మోగింది. నర్సమ్మను వెనక కూర్చోబెట్టుకుని ఒక చుట్టు తిప్పి తెచ్చాడు. తిరిగొచ్చాక ఆమె దిగలేదు.

“ముందుకు జరుగుతాను, నువ్వు దిగు నాయనా.”

“అమ్మమ్మా, వద్దు” అంది మనవరాలు.

“నడపనే. ఊరికే పట్టుకుంటాను.”

మరిది, మనవరాలు చెరోపక్క పట్టుకుని నిలబడ్డారు. ఆమె హ్యాండిల్ పట్టుకుని యాక్సిలరేటర్ ఒక్కసారి తిప్పింది. ఆ మోతకు ఎదురింటి కుక్క లేచి పారిపోయింది. నర్సమ్మ పళ్లులేని నోటితో పకపకా నవ్వింది. ఆ నవ్వుకు మాస్టారితో సహా అందరికీ నవ్వొచ్చింది.

ఆ మూతను చూసినవాళ్లు తమ బండ్లకూ అదే రంగు కావాలని వచ్చారు. చీటీలక్క అదే డబ్బాతో అయిదుసార్లు ప్రయత్నించింది. అయిదుసార్లూ చక్కటి నలుపే వచ్చింది. “ఆ రంగు నాకు రాదండీ, నీలం కావాలంటే ఇస్తాను” అని పంపేస్తోంది.

ఇప్పుడు రంగుల పని గురువారాల్లో చేస్తుంది. ఆరోజు మనవరాలు నర్సమ్మను దింపి వెళుతుంది. యాసిడ్ గాలి తగలనంత దూరాన కుర్చీ వేయించుకుని, మాస్టారు ఇచ్చిన టీ తాగుతూ, తొట్టి వైపే చూస్తూ కూర్చుంటుంది.

“అయిపోయిందేమో చూడమ్మా.”

“ఇంకా పావుగంట ఉందండీ.”

“సరే సరే. తొందరపెట్టకూడదులే” అంటుంది నర్సమ్మ. “కాన్పయినా అంతే.”