నమిలావా, మింగావా?

మా బాబాయ్‌కి ఈ ప్రపంచంలో ఒకటే సందేహం: పొద్దున్న పెట్టిన ఓట్స్ మీరు నమిలారా, మింగారా? ఇంటికొచ్చినవాళ్లు ఎవరైనా సరే, దానికి జవాబు చెప్పందే గుమ్మం దాటడానికి లేదు. కరెంటు మీటరు చూడ్డానికి వచ్చినాయన ఒకసారి మర్యాదకి "మింగానండీ" అన్నాడు. పాపం, ఇంకో గిన్నెడు తినాల్సొచ్చింది.

నేను ఉద్యోగం కోసం వాళ్లింట్లో ఉంటున్న రోజులవి. అంతకుముందే పిన్ని మెట్ల మీంచి జారిపడి దవడ ఎముక విరగ్గొట్టుకుంది. ఎముక అతుక్కుంది గానీ భయం వదల్లేదు. మెల్లగా నమలడం మొదలుపెట్టమని డాక్టరు చెప్పినా, పల్చటి జావ తాగి లేచిపోయేది. నలుగురిలో కూర్చుని తినడం మానేసింది. "కాస్త నమలొచ్చు కదా" అని ఎవరైనా అంటే ఆ పూట జావ కూడా ముట్టేది కాదు. మనిషి చిక్కి సగమైపోతోందని మా అందరికీ బెంగ.

ఇలాంటి టైములో ఈ మహానుభావుడికి ఓట్స్ పిచ్చి పట్టడమేమిటని నాకు ఒళ్లు మండిపోయేది.

బాబాయ్ గడియారాలు బాగుచేసేవాడు. పొద్దున్నే కంటికి భూతద్దం బిగించి, పళ్లెంలో ఓట్స్ పోసి పరీక్ష మొదలుపెట్టేవాడు.

"ఏ ఓట్స్ అయితే ఏంటి బాబాయ్? అన్నీ ఒకటేగా."

"గంటల ముల్లూ సెకన్ల ముల్లూ ఒకటేనట్రా?"

మొదట్లో పొడి ఓట్స్ చేశాడు. వేడినీళ్లు పోసి కలిపితే చాలు, దాంతో గోడలకి పోస్టర్లు అంటించుకోవచ్చు. కొన్నాళ్లకి పల్చటి రేకులొచ్చాయి, తర్వాత మందపాటి రేకులు. ఆ పైన కత్తిరించిన గింజలు. వాటిని ముందు ఉత్త మూకుట్లో వేయించాలి, కమ్మటి వాసన వచ్చాక నీళ్లు పోయాలి, అరగంట పొయ్యి దగ్గరే కాపలా కాయాలి, ఉప్పు చివర్లోనే వేయాలి. ఈలోగా నా బస్సు నన్నొదిలేసి వెళ్లిపోయేది.

అందరికీ ఒకే గిన్నెలోంచి, ఒకే రకం. నాకు వేరే ఏదైనా చేసుకుంటానంటే ఒప్పుకునేవాడు కాదు. తినడం అవగానే వరసగా విచారణ. ముందు నేను, తర్వాత చక్కెర అడగడానికొచ్చి ఇరుక్కుపోయిన ఎదురింటి టైలరు, చిట్టచివర పిన్ని.

"నమిలాను లెండి," అనేది పిన్ని విసుగ్గా. ఆ పీడ తనొక్కదానికే కాదుగా.

ఓ ఆదివారం అసలు గింజ దిగింది. పొట్టు తీశారంతే, దానికి కత్తి తగల్లేదు. రాత్రంతా నానబెట్టి, గంటసేపు ఉడికించినా పంటికింద మొండికేసింది. రెండు చెంచాలకే నా దవడలు లాగేశాయి.

"ఇది మనుషులు తినేదేనా బాబాయ్? నమల్లేక చస్తున్నాను."

బాబాయ్ నాకేసి చూడనైనా లేదు. భూతద్దం ఇంకా కంటికే ఉంది, ఆ కన్ను పిన్ని గిన్నె మీద ఉంది. గిన్నె ఖాళీ.

"నమిలావా, మింగావా?" అన్నాడు.

"నమిలాను. ఒక్కో గింజా నమిలాను," అంది పిన్ని. "నాచేత నమిలించడానికి ఊరందరి చేతా నమిలిస్తున్నారని నాకు తెలీదనుకున్నారా? పొడి పోయి రేకులొచ్చిన రోజే తెలిసింది."

నా నోట్లో గింజ నోట్లోనే ఉండిపోయింది. ఒక్కదాన్నే అడిగితే లేచిపోతుందని, మీటరాయనతో సహా అందర్నీ అడిగాడన్నమాట. ఇన్నాళ్లూ తప్పిపోయిన బస్సులన్నిటికీ బాబాయ్‌ని ఒక్క దెబ్బలో క్షమించేశాను.

"తెలిసీ ఎందుకు ఊరుకున్నావ్?" అన్నాడు బాబాయ్.

"పొయ్యి దగ్గర అంత కష్టపడుతుంటే వద్దని ఎలా అంటానండీ? నిజం చెప్పాలంటే ఓట్స్ అంటే నాకు అస్సలు పడదు."

బాబాయ్ భూతద్దం తీసి బల్ల మీద పెట్టాడు.

"నాకూ అంతే," అన్నాడు.

మర్నాడు ఆ ఇంట్లో ఓట్స్ పొయ్యెక్కలేదు. మాతోపాటు బల్ల దగ్గర కూర్చుని, టైలరు చూస్తుండగానే, పిన్ని కాల్చిన రొట్టె కరకరా నమిలింది. బాబాయ్ ఎవర్నీ ఏమీ అడక్కుండా ఆ చప్పుడు వింటూ టీ తాగాడు.

"మరి మిగిలిన డబ్బాలన్నీ ఏం చేస్తారు?" అన్నాను, నోరు ఊరుకోక.

ఇద్దరూ ఒకేసారి నాకేసి చూశారు.

అవి అయిపోయేదాకా నా పొద్దుటి తిండి అదే. మింగలేదు, నమిలాను.