అలకపాన్పు ముందు నా మనస్తత్వశాస్త్రం

మా అక్క పెళ్లి చెడగొట్టబోయింది నేనేనని మా ఇంట్లో ఇప్పటికీ అంటారు. అననివ్వండి. చెడగొట్టబోయిన మాట నిజమే గాని, తప్పు సిద్ధాంతానిది కాదు. ఆ ముక్క ఎవరెదుటైనా చెబుతాను.

యాభైల నాటి మాట. రాజమండ్రిలో టీచరు ట్రైనింగు పూర్తిచేసి అప్పుడే వచ్చాను. అక్కడ మా లెక్చరరు గారు అమెరికాలో కొత్తగా పుట్టిన మనస్తత్వశాస్త్రం చెప్పారు. ఎదుటి మనిషికి సలహా ఇవ్వకూడదట, బతిమాలకూడదట, బెదిరించకూడదట. శ్రద్ధగా విని, అతని మాట అతనికే తిరిగి అప్పజెబితే, తనకేం కావాలో తనే తెలుసుకుంటాడట. ఇంకేం, ఆ శాస్త్రం పుచ్చుకుని కోనసీమను ఉద్ధరించడానికి గోదావరి దాటాను.

పెళ్లయిన మూడోనాడు బావగారు అలకపాన్పు ఎక్కారు. తెలుసుగా? కొత్త అల్లుడు మంచమెక్కి మూతి ముడుచుకుంటాడు. బావమరిది బతిమాలి, ఏదో ఒకటి ఇస్తామని దింపాలి. బావగారి తరఫు రాజోలు వాళ్లు సైకిలు అడుగుతారని నాన్నగారికి ముందే తెలుసు. కొని, కొబ్బరికాయల కొట్టులో గోనెపట్టా కప్పి ఉంచారు.

"నాలుగుసార్లు బతిమాలి, సైకిలిస్తామని చెప్పేసిరా, అంతే," అని నన్ను పంపారు.

నేను బతిమాలడమా? చదువుకున్నవాణ్ణి!

మంచం పక్కన కూర్చుని, "బావగారూ, మీ మనసులో ఏముందండీ?" అన్నాను.

"నాకేం బాగోలేదండి."

"మీకు బాగోలేదనిపిస్తోందండి."

బావగారు నాకేసి అనుమానంగా చూశారు. "మీరెవరూ నన్ను పట్టించుకోవట్లేదండి."

"ఎవరూ పట్టించుకోవట్లేదని మీకు బాధగా ఉందండి."

"ఆయ్! ఇలాగైతే మా ఊరెళ్లిపోతానండి!"

ఇక్కడ ఏ బావమరిదైనా కాళ్లు పట్టుకుంటాడు. నేను గంభీరంగా తలాడించాను. "వెళ్లిపోవాలని ఉందన్నమాట. మీ నిర్ణయాన్ని నేను గౌరవిస్తానండి."

పాపం, ఆయన మాత్రం ఏం చేస్తారు? పదిమంది ముందు అన్న మాట. చెప్పులు తొడుక్కుని, రాజోలు వెళ్లాలంటే దాటాల్సిన వైనతేయ గోదావరి రేవుకేసి నడిచారు.

అమ్మ కూలబడింది. నాన్నగారు చేతికర్ర వెతకడం మొదలెట్టారు. అక్క పసుపుబట్టల్లోనే పరిగెత్తుకొచ్చింది.

"మా ఆయన్ని ఏం చేసేవురా?"

"ఏమీ చెయ్యలేదక్కా, విన్నానంతే!"

"నీ వినడం తగలెయ్య! ఆయన తిరిగి రాకపోతే నేను జన్మంతా ఈ వాకిట్లోనే కూర్చోవాలి!" అని ఏడ్చేసింది. అప్పుడు భయమేసింది. శాస్త్రం గురించి కాదు, అక్క గురించి. రేవుకు పరిగెత్తాను.

జనాన్ని ఏరు దాటించే పంటు అవతలి గట్టున ఉంది. బావగారు ఇవతల రాటకు ఆనుకుని ఒంటరిగా కూర్చున్నారు.

"బావా," అన్నారు నన్ను చూసి, "ఇందాక నువ్వలా అనేసరికి ఆలోచించేను. నిజానికి నాకు సైకిలు తొక్కడం రాదు. అడగమన్నది మా నాన్నగారు. నాకు దాన్ని చూస్తేనే భయం."

"మీకు భయంగా ఉంది," అన్నాను, ఊపిరి పీల్చుకుంటూ.

"ఆయ్! పుట్టి బుద్ధెరిగేక నా మాట పూర్తిగా విన్నవాడివి నువ్వొక్కడివే. పద, ఇంటికెళ్దాం."

వచ్చేశారు. అక్క కాపురానికి వెళ్లింది. సైకిలు నాకు మిగిలింది. ఇప్పుడు చెప్పండి, సిద్ధాంతం గెలిచిందా లేదా?

గెలిచింది. అందుకే ఇరవై ఏళ్లుగా ప్రతి ఆదివారం బావగారు రేవు దాటి వచ్చి, మా అరుగు మీద కూర్చుని, పొద్దుటినుంచి దీపాలవేళ దాకా నాకు తన మనసు విప్పుతున్నారు. ఆయన జీవితంలో మేమింకా మూడో తరగతి దాటలేదు.

కాబట్టి వైనతేయ సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. సిద్ధాంతాన్ని మాత్రం వదలను గాక వదలను. కాని, ఏ ఇంటి అల్లుణ్ణీ "మీ మనసులో ఏముందండీ" అని ఈ జన్మలో మళ్లీ అడగను. రేపు మా అమ్మాయి పెళ్లిలో అల్లుడు అలిగి మోటారు కారు కావాలన్నా సరే, నోరెత్తకుండా ఇచ్చేస్తాను.