రూతును రాణిని ఎవరూ చేయలేదు

నిన్న ఉదయం బియ్యం కడుగుతుంటే మా పాత వీధి నాగు ఫోన్ చేశాడు.

"పద్మా, రూతు పోయిందే."

ఏ రూతు అని అడిగాను. మా ఇద్దరికీ తెలిసిన రూతు ఒక్కతే. అయినా అడిగాను.

నిద్రలోనే హార్ట్ ఎటాక్ అట. మొన్న ఆదివారమే మాట్లాడింది. ఉయ్యూరు నుంచి కొత్త బెల్లం పంపిస్తానంది.

బియ్యం అలాగే వదిలేసి వంటింట్లో కూర్చుండిపోయాను.

కాసేపటికి ఏడుపు వచ్చేదే. ఈలోగా మా పాత వీధి వాట్సాప్ గ్రూప్ తెరిచాను. ఏడుపు పోయి అసహ్యం వేసింది.

మేడింటి ప్రసాదు పెట్టిన మెసేజ్ అది.

"రూతు మా ఇంటి పిల్ల. మా అమ్మ కన్నకూతురిలా చూసేది. చిన్నప్పుడు ఆటలో తనను రాణిని చేసింది నేనే. ఆ రోజుల్లో మాకు కులం, మతం తెలియవు."

కింద వరసగా దణ్ణాలు, పువ్వులు. "మీ ఫ్యామిలీ సంస్కారం అండీ" అని ఒకావిడ.

సంస్కారమట!

గ్రూప్ అడ్మిన్ ప్రసాదే. అక్కడ రాస్తే ఉంచడు. అందుకని నా ఫేస్‌బుక్ వాల్ మీద రాస్తున్నాను. ఇంటి ఖర్చు రాసినట్టే, జరిగింది జరిగినట్టు, వరసగా.

డెబ్బైల చివరి సంవత్సరాలు. గుణదలలో కాలవ పక్క వీధి. వేసవి సెలవులు.

మధ్యాహ్నం పూట నీడ ఉండేది మేడింటి గుమ్మం ముందే. పిల్లలందరం అక్కడే చేరేవాళ్ళం. రాజుల ఆట ఆడేవాళ్ళం.

రాజు ప్రసాదు. ఎప్పుడూ ప్రసాదే.

రూతు నల్లగా ఉంటుందని, చర్చి వెనక ఇళ్ళ నుంచి వస్తుందని, రాక్షసి. పోలియో వచ్చిన నాగు చెట్టు. చెట్టు కదలక్కర్లేదు కదా అని! ఆ పిల్లాడు ఆట అయ్యేదాకా చేతులు చాపి, ఒంటికాలి మీద బరువంతా వేసి నిలబడేవాడు.



ఒకరోజు రాక్షసి చావాల్సిన చోట రూతు చావలేదు.

"పడిపోవే, చచ్చిపోయావు" అన్నాడు ప్రసాదు.

"రోజూ నేనే చస్తన్నా. ఇయ్యాల నువ్వు చావు" అంది.

మర్నాడు సొంతంగా ఒక ఆట తయారు చేసుకుని వచ్చింది. దాని పేరు తేలే లంక.

కృష్ణానది మధ్యలో ఒక లంక, చుట్టూ నీళ్ళున్న దిబ్బ, ఉంటుంది. వరద వస్తే మునగదు, పడవలా కదిలిపోతుంది. దాని మీద ఉన్నవాళ్ళు ఎవరికి ఏ వేషం కావాలో వాళ్ళే ఎంచుకోవాలి. ఏం చేస్తారో నోటితో చెప్పాలి. గవ్వలు వేసి, ఆ పని జరిగిందో లేదో చూడాలి. లంక దిగిపొమ్మనే హక్కు రాణికి కూడా లేదు.

నాగు సేనాపతి అవుతానన్నాడు. అందరూ నవ్వారు.

"మొసలి మీద ఎక్కి తిరిగేవోడికి కాళ్ళతో పనేంటి?" అంది రూతు. అంతే, నవ్వులు ఆగిపోయాయి.

నేను కోశాధికారిని. చింతపిక్కలు దాచడం నా పని. ఇప్పటికీ మా ఇంట్లో అదే ఉద్యోగం, జీతం లేదు.

"మరి రాణి ఎవరే?" అన్నాను.

"నేనే. ఎవరో ఇత్తారని కూర్చుంటే మళ్ళీ రాక్షసి వేషమే వచ్చిద్ది."

మా ఇంట్లోంచి ముగ్గుపిండి తెచ్చి లంక గీశాను. తిరగేసిన గంప సింహాసనం. రూతు కూర్చుంది.

రాణిని చేశానంటున్న ప్రసాదు అప్పుడేం చేశాడో చెప్పనా? లోపలికి పరిగెత్తాడు.

"అమ్మా, ఆ రూతు మన గుమ్మం ముందు రాణై కూర్చుందే!"

వాళ్ళమ్మ పేడనీళ్ళ బకెట్టుతో వచ్చింది. కళ్ళాపి ఎవరైనా తెల్లవారుజామున చల్లుతారు. ఆవిడ మిట్టమధ్యాహ్నం చల్లింది.

"ఎవర్ని ఎక్కడ కూర్చోబెట్టాలో తెలీదా మీకు? పొద్దున్నే శుభ్రం చేసుకున్న వాకిలి, మైలపడిపోయింది" అంటూ.

ముగ్గు కొట్టుకుపోయింది. రూతు గౌను నిండా పేడనీళ్ళు. కావాలనే అటు చల్లింది. నేను చూశాను.



రూతు గౌను పిండుకుంది. నేల వైపు చూసింది. కళ్ళు తుడుచుకుని నాతో అంది:

"పద్మా, పిండి తేవే. కళ్ళాపి చల్లినాక ముగ్గు బాగా అంటుకుంటది."

తరవాత ఆవిడ వైపు తిరిగి, "థాంక్సండీ పిన్నిగారూ" అంది.

ఆ తడి నేల మీద లంకను మళ్ళీ గీశాం. ముందుకన్నా పెద్దది. గీత ఎక్కడా చెదరలేదు. కళ్ళాపి చల్లిన వాకిట్లో, గుమ్మం ఎదురుగా వేసిన ముగ్గును ఏ ఇల్లాలైనా చెరుపుతుందా? ఆవిడకూ చేతులు రాలేదు. పళ్ళు నూరుకుంటూ లోపలికి వెళ్ళిపోయింది.

పేడనీళ్ళ గౌనుతోనే రూతు గంప ఎక్కి కూర్చుంది. సాయంత్రం దాకా దిగలేదు.

ఆ తరవాత టీచరై, ఉయ్యూరులో ఏళ్ళ తరబడి స్కూల్ నాటకాలు వేయించింది. ఏ పిల్లకీ వేషం తను ఇవ్వలేదు. "నీకేం కావాలే?" అని అడిగేది.

ప్రసాదుగారూ, మీ అమ్మగారు పోయారు, ఆవిడను ఇంకేమీ అనను. మీరు ఉన్నారు. చల్లింది పేడనీళ్ళు. వాటిని పన్నీరని రాయకండి. బతికుండగా పిల్లకు ఒక్క వేషం ఇవ్వనివాళ్ళు, పోయాక కిరీటం పెట్టామంటుంటే రోత పుడుతోంది.

ఈ సాయంత్రం సమాధి దగ్గర ప్రార్థన. మీరు రెండు మాటలు మాట్లాడతారట. మాట్లాడండి. నాగూ నేనూ ముందు వరసలోనే ఉంటాం.

"మొసలి ఎక్కి వస్తానని వాడితో చెప్పవే" అన్నాడు నాగు. అంటూనే ఏడ్చాడు.

వెళ్ళిరా రూతూ. లంక కదిలింది. అక్కడ నిన్ను దిగమనేవాళ్ళు లేరు.

హాయిగా నిద్రపో, మా రాణీ.