పైడమ్మ బేసిన్ మీద ఎర్ర రాత

ఒకరోజు మా బ్యాంకు గుమ్మంలో ఆరు బేసిన్ల చేపలు బారులు తీరాయి. ఆ ఘనకార్యం నాదే. ఇప్పుడు మీరు హాయిగా నవ్వుకోండి, ఆ రోజు మాత్రం నాకు ఏడుపొచ్చింది.

ఎనభైల్లో విశాఖలో ఫీల్డ్ ఆఫీసరుగా కొత్తగా చేరాను. పేదరికం పారిపోవడానికి నా సంతకం కోసమే కాచుకుని ఉందని నా గట్టి నమ్మకం. ఉక్కునగరం దగ్గర జాలరి పల్లెలో చేపలమ్మే ఆరుగురు ఆడవాళ్ళకి చిన్న అప్పులిప్పించాను. తలా ఒక సత్తు బేసిన్ కొనుక్కుని, మిగిలిన డబ్బుతో పడవల దగ్గర సరుకు కొనుక్కోవాలి. వడ్డీ వ్యాపారి గడప తొక్కక్కర్లేదు.

అప్పుతో కొన్న వస్తువు మీద బ్యాంకు పేరు రాయాలని రూలు. రిక్షాల మీదా, కుట్టుమిషన్ల మీదా రాసేవాళ్ళం. ఉత్త పేరుతో ఆగిపోతే నా తెలివి ఎవరికి తెలుస్తుంది? ఎర్ర రంగు డబ్బా కొని, నా ముత్యాల్లాంటి దస్తూరీతో ఆరు బేసిన్ల చుట్టూ స్వయంగా రాశాను: "బ్యాంకు సొత్తు. అమ్మినవారు, కొన్నవారు శిక్షార్హులు."

"ఏటి బాబూ రాత్తన్నావ్?" అంది పైడమ్మ, ఆ ఆరుగురికీ పెద్ద దిక్కు.

"మీ క్షేమం కోసమే పైడమ్మా!"

పాపం, ఆమెకి చదువు రాదు. నాకు వచ్చి ఏం లాభం?

మర్నాడు పదకొండింటికి ఆరుగురూ నిండు బేసిన్లతో బ్యాంకుకొచ్చేశారు.

"క్వార్టర్లలో ఒక్క అమ్మగోరూ కొన్లేదు బాబూ! సదివి, తలుపులేసీసినారు. కొంటే పోలీసులొత్తారంట. ఏటి రాసీసినావు?" అంది పైడమ్మ.

రాసింది చదివి వినిపించాను.

"నీ సొత్తని రాసినావు గదా. తీసుకో. మజ్జానానికి కుళ్ళిపోతాయి. రేపు సరుక్కి డబ్బుల్లేవు, మళ్ళీ ఆ వడ్డీవోడి కాళ్ళే పట్టాల."

ఆ మాటకి నిజంగా సిగ్గుతో చచ్చిపోయాను. మేనేజరు గారు ముక్కు మూసుకునే ఆజ్ఞాపించారు: "నువ్వే వెళ్ళి అమ్మించు!"

కిరసనాయిలుతో రుద్దినా ఆ రంగు పోలేదు, మంచి కంపెనీది కొన్నాను మరి! ఇక చేసేదేముంది, టై కట్టుకున్న నేను ముందూ, చేపలు వెనకా. ప్రతి గుమ్మంలో అదే పాట: "అమ్మా, బ్యాంకు వాణ్ణి నేనే. కొనండి, కేసు పెట్టను!"

చివరి క్వార్టరు ఆవిడ నన్ను ఎగాదిగా చూసి, "పాపం, చదువుకున్న పిల్లాడు! బ్యాంకు ఉద్యోగం పోయిందా నాయనా?" అని జాలిపడి, మిగిలిన వంజరం చేపలన్నీ కొనేసింది.

ఒక్క చేప మిగల్లేదు. ఖాళీ బేసిన్ బోర్లించి పైడమ్మ నా వైపు తిరిగింది.

"నీకు రాయడం రాదు గానీ బాబూ, అమ్మడం బాగానే వొచ్చు. రేపు కూడా వొత్తావేటి?"

ఆ బేసిన్ సాక్షిగా ప్రమాణం చేశాను, ఇక ఎవరి సొత్తు మీదా ఒక్క అక్షరం రాయనని. ఆఖరికి నా గొడుగు మీద నా పేరు కూడా రాసుకోలేదు. ఇప్పటికి పదకొండు గొడుగులు పోయాయి.